ఎనుము పిండాలు 8–16 కణాల దగ్గర ఆగిపోతున్నాయి: మీడియం మార్చాలా, పద్ధతి మార్చాలా?

పెన్నాతీరం (కడప జిల్లా) · ఏప్రిల్ 9

అందరికీ నమస్కారం. నేను పశువైద్యంలో పునరుత్పత్తి విభాగంలో పరిశోధక విద్యార్థిని. కబేళా నుంచి తెచ్చిన ఎనుముల అండాశయాల నుంచి అండాలు తీసి, 24 గంటలు పరిపక్వం చేసి, స్ట్రాలలో నిల్వ ఉన్న వీర్యంతో ఫలదీకరణ జరిపి, ఏడు రోజుల పాటు పిండాలను కల్చర్‌లో పెంచుతున్నాము. జనవరి, ఫిబ్రవరి నెలల్లో ప్రతి బ్యాచ్‌లోనూ ఎన్నో కొన్ని బ్లాస్టోసిస్టులు (లోపల నీటి గది ఏర్పడిన, ఏడో రోజు నాటి పిండాలు) కనిపించేవి. మార్చి రెండో వారం నుంచి పరిస్థితి మారింది. విభజన బాగానే మొదలవుతోంది, రెండో రోజున చూస్తే 4 కణాల పిండాలు, 8 కణాల పిండాలు అంచులు స్పష్టంగా ఉండి చూడముచ్చటగా ఉంటాయి. ఆ తరువాత 8–16 కణాల దగ్గర అన్నీ నిలిచిపోతున్నాయి. నాలుగో రోజుకు కణాల అంచులు మసకబారుతాయి, ఐదో రోజుకు జోనా (పిండం చుట్టూ ఉండే పారదర్శక పొర) లోపల ముదురు రంగు రేణువులు తప్ప మరేమీ మిగలదు.

మా మీడియం (పిండాలు పెరిగే పోషక ద్రావణం) ఎస్‌ఓఎఫ్, అంటే అండనాళ ద్రవాన్ని పోలిన కృత్రిమ ద్రావణం. అందులో అమైనో ఆమ్లాలు, బీఎస్ఏ (పశు రక్తం నుంచి తీసిన ఆల్బుమిన్ ప్రోటీన్) కలుపుతాము. ఉష్ణోగ్రత 38.5 డిగ్రీలు, 5 శాతం కార్బన్ డయాక్సైడ్, మిగిలినది మామూలు గాలి. 20 మైక్రోలీటర్ల చుక్కలు పెట్టి పైన మినరల్ ఆయిల్ పోస్తాము. మా గైడ్ గారు 10 శాతం సీరం (రక్తం నుంచి వేరు చేసిన ద్రవం) కలిపి చూడమంటున్నారు. సీనియర్ ఒకరు ఎస్‌ఓఎఫ్ వదిలేసి వేరే మీడియానికి వెళ్లమంటున్నారు. ఇప్పటికే ఎనిమిది బ్యాచ్‌లు పోయాయి. దేనితో మొదలుపెట్టాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరని ప్రార్థన.

హంద్రీ (కర్నూలు) · ఏప్రిల్ 9

పెన్నాతీరం గారూ, వివరాలు చక్కగా ఇచ్చారు. మీడియం మార్చే ముందు ఒక్క విషయం ఆలోచించండి. పిండం ఆగిన చోటే తప్పు జరిగిందని అనుకోకూడదు. మొదటి కొన్ని విభజనల వరకు పిండం తల్లి అండంలో ముందే దాచిన ఆర్‌ఎన్‌ఏ, ప్రోటీన్ల మీద బతుకుతుంది. తన సొంత జన్యువులను పని చేయించుకోవడం ఎలుకలో 2 కణాల దశలో, మనిషిలో 4–8 కణాల దశలో, ఆవు, ఎనుములలో 8–16 కణాల దశలో మొదలవుతుంది. అంతకుముందు తగిలిన దెబ్బ ఏదైనా, అది అండం లోపల తగిలినా, మీ డిష్‌లో మొదటి రోజు తగిలినా, ఆ మలుపు దగ్గరే బయటపడుతుంది. మన వైపు వేరుశనగ వేసేవారికి ఇది తెలిసిన సంగతే. ఊడలు దిగే రోజుల్లో నేలలో పదును లేకపోతే చెట్టు పైకి పచ్చగానే ఉంటుంది, నష్టం మాత్రం కాయ పీకిన రోజున తెలుస్తుంది.

ఈ రంగం చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 1949లో హామండ్ 8 కణాల ఎలుక పిండాలను బ్లాస్టోసిస్టుల దాకా పెంచగలిగారు. 1956లో విటెన్ అనే శాస్త్రవేత్త క్రెబ్స్ లవణ ద్రావణంలో బీఎస్ఏ కలిపి ఆ పని మరింత సులువు చేశారు. 1958లో మెక్‌లారెన్, బిగ్గర్స్ అలా కల్చర్‌లో పెరిగిన పిండాలను తల్లి ఎలుకలలోకి మార్చి పిల్లలను పుట్టించారు. అయినా చాలా జాతుల ఎలుకల ఒక్క కణపు పిండం మాత్రం 2 కణాల దగ్గర ఆగిపోయేది. దానికి '2 కణాల అడ్డంకి' అని పేరు పెట్టి, అది ఆ జాతి స్వభావమని చాలా కాలం నమ్మారు. 1989లో వచ్చిన సీజెడ్‌బీ మీడియం గ్లూకోజ్ తీసేసి గ్లూటమిన్ పెట్టి ఆ అడ్డంకిని దాటించింది. ఆ తరువాత లావిట్స్, బిగ్గర్స్ మీడియంలోని లవణాల పాళ్లను సరిచేసి కేసామ్ అనే మీడియానికి దారి వేశారు. అంటే అడ్డంకి పిండంలో కాదు, మనం పోసిన నీళ్లలో ఉన్నది.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. చుక్కలు పెట్టిన తరువాత ఆయిల్ పోయడానికి ఎంత సేపు పడుతుంది? ఆ సమయంలో డిష్ వేడి పలక మీద ఉంటుందా? గదిలో ఏసీ ఎప్పుడు మొదలైంది? ఆయిల్ సీసా ఎక్కడ ఉంచుతారు? రుతువు మారగానే ఫలితం మారిందంటే, ఫార్ములా కన్నా ముందు రుతువుతో పాటు మారినవాటిని వెతకాలి.

గండిదారి (కడప) · ఏప్రిల్ 10

నేను క్షేత్రంలో పనిచేసే పశువైద్యుడిని. కొంతకాలం ఇలాంటి ప్రయోగశాలకు అండాశయాలు సేకరించి పంపాను. ఎండ దెబ్బ డిష్‌లోనే తగలనవసరం లేదు. బతికున్న ఎనుములోనే అండం దెబ్బ తింటుంది. నల్లటి తోలు, తక్కువ చెమట గ్రంథులు ఉన్న పశువు 40 డిగ్రీలు దాటే మా ఎండలో ఎంత అలసిపోతుందో చూసినవారికే తెలుస్తుంది. ఎనుము అండాశయంలో ఆవుతో పోలిస్తే తీయదగిన అండాలే తక్కువ, అందులోనూ వేసవిలో మంచివి మరీ తక్కువ. క్యుమ్యులస్ కణాలు (అండాన్ని అంటిపెట్టుకొని ఉండే కణాలు) నిండుగా చుట్టుకొని, లోపలి ద్రవ్యం అంతా ఒకే తీరుగా ఉన్న అండాలనే తీసుకుంటున్నారా, లేక సంఖ్య కోసం అన్నిటినీ కలుపుతున్నారా?

రవాణా సంగతి కూడా చెప్పండి. ఫ్లాస్కులో సెలైన్ 30–35 డిగ్రీల మధ్య ఉండాలి. మధ్యాహ్నం జీపు వెనుక సీట్లో పెట్టిన ఫ్లాస్కు ప్రయోగశాలకు చేరేసరికి ఎంత ఉందో థర్మామీటరు పెట్టి చూశారా?

సీరం గురించి ఒక మాట. దయచేసి తొందరపడవద్దు. సీరం కలిపితే బ్లాస్టోసిస్టులు త్వరగా, ఎక్కువగా కనిపించవచ్చు, కానీ సీరంలో పెరిగిన గొర్రె, ఆవు పిండాల నుంచి మితిమీరిన బరువుతో పిల్లలు పుట్టిన ఉదంతాలు ఉన్నాయి. 2001లో గొర్రెల మీద వచ్చిన పరిశోధన, కల్చర్‌లో గడిపిన ఆ కొద్ది రోజుల్లోనే ఐజీఎఫ్2ఆర్ అనే జన్యువు మీది రసాయన ముద్ర చెదిరిపోతుందని, పిండం అతిగా పెరగడానికి దానితో సంబంధం ఉందని చూపింది. పెద్ద దూడ అడ్డం పడి ఈనలేక నరకం చూస్తున్న ఎనుము దగ్గర రాత్రంతా నిలబడినవాడిని నేను. డిష్‌లో లెక్క పెరిగిందని ఆ బాధను రైతు ఇంటికి పంపకూడదు.

పెన్నాతీరం · ఏప్రిల్ 10

హంద్రీ గారూ, గండిదారి గారూ, ధన్యవాదాలు. ఫ్లాస్కు సంగతి ఇప్పటివరకు చూడలేదు, రేపు థర్మామీటరు పెడతాను. అండాల ఎంపికలో మాత్రం జాగ్రత్తగానే ఉన్నాము.

ఏసీ మార్చి 10 ప్రాంతంలో మొదలుపెట్టాము. చుక్కలు లామినార్ ఫ్లో (వడకట్టిన గాలి వీచే పని బల్ల) కింద, 38.5 డిగ్రీల వేడి పలక మీద పెడతాము. ఐదు డిష్‌లు, ఒక్కో దానిలో పన్నెండు చుక్కలు. అన్నిటిలో చుక్కలు పెట్టాక చివర్లో ఒకేసారి ఆయిల్ పోస్తాము. ఈ రోజు గడియారం పెట్టి చూస్తే, మొదటి డిష్‌లో మొదటి చుక్కకు, దాని మీద ఆయిల్ పడడానికి మధ్య పదకొండు నిమిషాలు గడిచాయి. ఈ సమయం ఇంత ముఖ్యమైనదని నాకు తెలియదు.

బురుజునీడ (కర్నూలు) · ఏప్రిల్ 10

నేను మనుషుల సంతాన సాఫల్య కేంద్రంలో ఎంబ్రియాలజిస్టును. ఆ పదకొండు నిమిషాల్లోనే మీ సమాధానం చాలావరకు ఉందని నా నమ్మకం. 20 మైక్రోలీటర్ల చుక్కలో 2 మైక్రోలీటర్ల నీరు ఆవిరైతే మిగిలినవన్నీ అంతే మేరకు చిక్కబడతాయి. 275 మిల్లీఆస్మోల్‌లతో (ద్రావణం చిక్కదనానికి కొలమానం) మొదలైన మీడియం 305 దాటుతుంది. చాలా కల్చర్ మీడియాలు 255–295 మధ్య ఉండేలా తయారవుతాయి. వేడి పలక, వీచే గాలి, ఏసీ ఎండగొట్టిన గది, చిన్న చుక్క, ఈ నాలుగూ కలిసినప్పుడు ఆ రెండు మైక్రోలీటర్లు పోవడానికి ఎక్కువ సేపు పట్టదు.

మీరే కళ్లారా చూడవచ్చు. ఒక డిష్‌లో చుక్క పెట్టి ఆయిల్ పోయకుండా పక్క నుంచి గమనించండి. మొదట గుండ్రంగా ఉబ్బి, దీపపు వెలుగు దాని నెత్తి మీద ఒక్క చుక్కగా మెరుస్తుంది. కొద్ది నిమిషాలకు అంచు అక్కడే అంటుకొని ఉంటుంది, మధ్యభాగం మాత్రం కుంగుతుంది, ఆ మెరుపు వెడల్పై పలచబడుతుంది. నేను కొత్తగా చేరినప్పుడు మా సీనియర్ మేడమ్ నాకు చూపించిన మొదటి పాఠం ఇదే.

మా పద్ధతి చెబుతాను. చుక్కలు పెట్టేటప్పుడు పలక వేడి ఆపేస్తాము, మీడియం గది చల్లదనంలోనే ఉంటుంది, గాలి ప్రవాహం తగ్గిస్తాము. ఒక డిష్‌లో ఆరు చుక్కలకు మించి పెట్టము, పెట్టిన వెంటనే ఆ డిష్‌లో ఆయిల్ పోసి ఆ తరువాతే రెండో డిష్ తీస్తాము. ముందు చిన్న చుక్కలు పెట్టి, ఆయిల్ పోసి, ఆయిల్ కిందనే పిపెట్టుతో ఆ చుక్కను తీసేసి కొత్త మీడియం పెట్టే పద్ధతి ఇంకా మంచిది. డిష్‌లను ముందు రోజు సాయంత్రమే చేసి రాత్రంతా ఇన్‌క్యుబేటర్‌లో ఉంచుతాము, ఎందుకంటే ఆయిల్ కింద ఉన్న చుక్కలోకి వాయువులు చేరడానికి గంటల సమయం పడుతుంది.

అనంత_కణం (అనంతపురం) · ఏప్రిల్ 11

నేను జీవరసాయన శాస్త్రం బోధిస్తాను. బురుజునీడ గారి లెక్క సరైనదే, దానికి కొంచెం లోతు చేరుస్తాను. తొలి దశల పిండం తన కణం ఎంత ఉబ్బి ఉండాలో నియంత్రించుకోవడానికి గ్లైసిన్ వంటి చిన్న అణువులను లోపలికి లాక్కుంటుంది. బయట చిక్కదనం పెరిగితే ఇంకా ఎక్కువ లాక్కోవాలి. మీడియంలో గ్లైసిన్ లేకపోతే దాని బదులు లవణాలను లోపల పోగు చేసుకోవలసి వస్తుంది, అవి కణంలోని ఎంజైముల పనిని చెడగొడతాయి. అండనాళంలోని ద్రవంలో గ్లైసిన్ సమృద్ధిగా ఉండడం ఊరికే కాదు. మీ ఎస్‌ఓఎఫ్‌లో అమైనో ఆమ్లాలు ఉన్నాయి కనుక కొంత రక్షణ ఉంది, అయినా 305 దగ్గర ఆ రక్షణ సరిపోదేమో.

మా విభాగంలో గడ్డకట్టే ఉష్ణోగ్రతను బట్టి పనిచేసే ఆస్మోమీటరు (ఈ చిక్కదనాన్ని కొలిచే పరికరం) ఉంది. ఒక్క చుక్క దానికి చాలదు, పది చుక్కలు కలిపి ఒక గొట్టంలోకి తీసి తెస్తే కొలవగలను. సీసాలోని మీడియం ఒకటి, మీ పాత పద్ధతిలో పెట్టిన చుక్కలు ఒకటి, కొత్త పద్ధతిలో పెట్టినవి ఒకటి తీసుకురండి.

నీటి గురించి కూడా అడుగుతాను. మీడియంలో 99 శాతం నీరే. మా అనంతపురం వైపు బోరు నీటిలో ఫ్లోరైడు, లవణాలు ఎక్కువ, వేసవిలో నీటిమట్టం దిగిన కొద్దీ ఇంకా ఎక్కువ. ఆ నీటితో ఆర్‌ఓ పొర, అయాన్ కార్ట్రిడ్జి రెండూ త్వరగా అరిగిపోతాయి. నీటి మీటరు 18.2 మెగోమ్‌లు (అతి శుద్ధమైన నీటికి వచ్చే అంకె) చూపించినా అది అయాన్ల లెక్క మాత్రమే, బ్యాక్టీరియా వదిలిన ఎండోటాక్సిన్ గానీ, అయాన్లుగా విడిపోని సేంద్రియ పదార్థాలు గానీ దానిలో కనబడవు. కార్ట్రిడ్జి చివరిసారి ఎప్పుడు మార్చారో చూడండి.

హంద్రీ · ఏప్రిల్ 11

ఇప్పుడు ఆక్సిజన్ సంగతి. బయటి గాలిలో సుమారు 21 శాతం ఉంటుంది, అండనాళం లోపల 2 నుంచి 8 శాతం మధ్యే. తక్కువ ఆక్సిజన్ ఎలుక పిండాలకు మేలు చేస్తుందని 1970ల నుంచే తెలుసు. మీరు వాడే ఎస్‌ఓఎఫ్‌ను టెర్విట్, విటింగ్‌హామ్, రౌసన్ 1972లో గొర్రె, ఆవు పిండాల కోసం తయారు చేసినప్పుడే 5 శాతం ఆక్సిజన్‌లో పెంచారు. మనవాళ్లు ఫార్ములా తీసుకున్నారు, వాయువును మాత్రం వదిలేశారు. 1980లలో అండనాళ కణాలను కింద పరిచి వాటి మీద పిండాలను పెంచే పద్ధతి బాగా నడిచింది. ఆ కణాలు పోషకాలు ఇచ్చాయని అందరూ అనుకున్నారు గానీ, చుట్టూ ఉన్న ఆక్సిజన్‌ను అవి తినేయడం కూడా ఆ మేలులో భాగమే.

మూడు వాయువుల ఇన్‌క్యుబేటర్ ఖరీదు మన కళాశాలలకు భారమే. మేము చేసినది చెబుతాను. గాలి చొరకుండా మూత బిగిసే డెసికేటర్ జాడీలో అడుగున శుభ్రమైన నీరు పోసి, పై పలక మీద డిష్‌లు పెట్టి, 5 శాతం కార్బన్ డయాక్సైడ్, 5 శాతం ఆక్సిజన్, 90 శాతం నైట్రోజన్ కలిపిన సిలిండర్ నుంచి కొన్ని నిమిషాలు వాయువు పంపి, కుళాయి మూసి, ఆ జాడీని మామూలు ఇన్‌క్యుబేటర్‌లోనే ఉంచాము. వాయువును నీటి బుడగల గుండా పంపండి, లేకపోతే పొడి వాయువు డిష్‌లను ఎండబెడుతుంది. జాడీని రోజూ తెరవకండి. పిండాన్ని చూడాలన్న ఆత్రం నాకూ ఉండేది. తెరిచిన ప్రతిసారీ వేడి, వాయువు రెండూ చెదురుతాయి. మూడో రోజు ఒకసారి, ఏడో రోజు ఒకసారి చూస్తే చాలు.

బురుజునీడ · ఏప్రిల్ 11

కార్బన్ డయాక్సైడ్ మీటరు చూపే అంకెను నమ్మకండి. విడిగా ఒక కొలత పరికరంతో సరిచూడండి. సెన్సర్ 1 శాతం తప్పు చూపితే పీహెచ్ 0.08 నుంచి 0.1 దాకా జరుగుతుంది.

అనంత_కణం · ఏప్రిల్ 12

అదే లెక్కలో, సముద్రమట్టానికి ఎత్తులో ఉన్నాము కనుక కార్బన్ డయాక్సైడ్ పెంచాలా అని నన్ను కొందరు విద్యార్థులు అడుగుతుంటారు. అనంతపురం ఎత్తు సుమారు 335 మీటర్లు, గాలి పీడనం 4 శాతం మేర తగ్గుతుంది, దానివల్ల పీహెచ్ మారేది 0.02 మాత్రమే. దాని గురించి ఆందోళన అవసరం లేదు, సెన్సర్‌ను చూసుకోండి.

పెన్నాతీరం · ఏప్రిల్ 19

అనంత_కణం మేడమ్ స్వయంగా కొలిచి పెట్టారు, వారికి నా కృతజ్ఞతలు. సీసాలోని మీడియం 274, పాత పద్ధతి చుక్కలు 311, బురుజునీడ గారు చెప్పిన పద్ధతిలో పెట్టిన చుక్కలు 278. ఆ కాగితం చూసినప్పుడు పోయిన ఎనిమిది బ్యాచ్‌లు కళ్ల ముందు తిరిగాయి. ఫ్లాస్కు ఉష్ణోగ్రత 37 దాకా పోతోంది, ఇకపై ఉదయం ఐదింటికే సేకరణకు వెళుతున్నాను.

ఆయిల్ గురించి హంద్రీ గారు అడిగినది ఇప్పుడు అర్థమైంది. కొత్త సీసా మార్చిలోనే వచ్చింది. సరఫరా చేసినవారి బండిలో అది ఎండలో ఎంత సేపు ఉందో తెలియదు, మా దగ్గర కూడా కిటికీ పక్క అలమరలో, వెలుతురులో ఉంది. మీడియం, వాయువు, ఆయిల్ మూడూ ఒకేసారి మార్చేయనా?

హంద్రీ · ఏప్రిల్ 19

వేడి, వెలుతురు తగిలిన ఆయిల్‌లో పెరాక్సైడ్లు పుడతాయి, అవి పిండానికి విషం. ఆ సీసాను పక్కన పెట్టండి, పారేయకండి. కొత్తది చీకటిలో, చల్లగా ఉంచండి. కానీ మూడూ ఒకేసారి మార్చవద్దు. దేనివల్ల మేలు జరిగిందో రేపు చెప్పలేరు. ఒక్కో మార్పు చేసి చూడడమే శాస్త్రం.

అనంత_కణం · ఏప్రిల్ 20

హంద్రీ గారితో ఇక్కడ గౌరవంగా విభేదిస్తాను. మీరు చెప్పిన లావిట్స్, బిగ్గర్స్ పని గెలిచినదే ఒక్కొక్కటి మార్చే పద్ధతిని వదిలినందుకు. వారు సింప్లెక్స్ అనే గణిత పద్ధతితో అనేక పదార్థాల పాళ్లను ఒకేసారి మార్చుతూ, ప్రతి విడత ఫలితాన్ని బట్టి తరువాతి మిశ్రమాలను నిర్ణయించారు. ఎందుకంటే ఒక పదార్థం చేసే పని పక్కనున్న పదార్థాన్ని బట్టి మారుతుంది. కొన్ని మీడియాలలో పిండాన్ని ఆపేస్తుందని పేరుపడిన గ్లూకోజ్, కేసామ్‌లో హాని చేయలేదు. ఒక్కొక్కటిగా మార్చినవారు గ్లూకోజ్‌ను దోషిగా తేల్చి అక్కడే ఆగిపోయారు.

పెన్నాతీరం గారికి ఉన్న అండాలు తక్కువ కనుక నా సూచన ఇది. తప్పని తెలిసినవాటిని, అంటే చిక్కబడిన చుక్కలను, ఎండ తగిలిన ఆయిల్‌ను, వెంటనే మానేయాలి. వాటి మీద ప్రయోగం అక్కరలేదు. ఆక్సిజన్‌ను మాత్రం పరీక్షించాలి. ఒకే రోజు తెచ్చిన అండాలను ఫలదీకరణ తరువాత కలిపి, సగం మామూలు గాలిలో, సగం జాడీలో పెట్టండి. వేరువేరు రోజుల బ్యాచ్‌లను పోల్చకండి.

హంద్రీ · ఏప్రిల్ 20

మేడమ్ చెప్పినది సరైనది, ఒప్పుకుంటున్నాను. తెలిసిన తప్పును సరిదిద్దడం వేరు, తెలియనిదాన్ని పరీక్షించడం వేరు. ఒక్కటి చేరుస్తాను: పిండాలను ఒంటరిగా ఉంచకండి. 50 మైక్రోలీటర్ల చుక్కలో 20–25 పిండాలు కలిపి పెట్టండి, అవి వదిలే పదార్థాలు ఒకదానికొకటి తోడవుతాయి. పెద్ద చుక్క కనుక ఆవిరి నష్టం కూడా తగ్గుతుంది. గ్లూటమిన్ వాడుతుంటే అది వేడికి విడిపోయి అమోనియా అవుతుంది, దాని బదులు అలనైల్‌-గ్లూటమిన్ తీసుకోండి.

పెన్నాతీరం · మే 21

నాలుగు బ్యాచ్‌లు అయ్యాయి. నాలుగింటిలోనూ 16 కణాలు దాటి మోరులాలు (కణాలు ముద్దగా దగ్గరైన పిండాలు) వచ్చాయి. గాలిలో పెట్టిన సగంలో మొత్తం ఐదు బ్లాస్టోసిస్టులు, జాడీలో పెట్టిన సగంలో పదమూడు. ఇంకా జనవరి స్థాయికి రాలేదు. గండిదారి గారు చెప్పినట్టు ఎండకు అలసిన అండాల లోటును ఏ మీడియమూ పూర్తిగా పూడ్చలేదని అర్థమవుతోంది. సీరం కలపలేదు, గైడ్ గారికి ఆ 2001 నాటి పరిశోధన చూపించాను, వారూ ఒప్పుకున్నారు.

ఆరో రోజు సాయంత్రం జాడీ తెరవకుండా ఉండడం చాలా కష్టమైంది. ఏడో రోజు ఉదయం చూసినప్పుడు ఒక పిండం జోనాను పలచగా సాగదీసి, లోపల ఒక పక్కకు కణాల గుత్తి ఒదిగి, మిగతాదంతా స్పష్టమైన నీటి గదిలా ఉంది. మా గైడ్ గారిని పిలిచి చూపించాను.

ఒక సందేహం. కంటికి బాగున్న బ్లాస్టోసిస్టు నిజంగా బాగున్నదని ఎలా తెలుసుకోవాలి?

బురుజునీడ · మే 21

చాలా సంతోషం. కొన్నిటికి హెక్స్ట్ (కణకేంద్రకాలను మెరిపించే రంగు) వేసి కణాలు లెక్కించండి. లోపలి గుత్తి కణాలను, బయటి పొర కణాలను విడివిడిగా లెక్కించే రంగుల పద్ధతి కూడా ఉంది. గాలిలో, జాడీలో పెరిగినవి చూడడానికి ఒకేలా ఉన్నా, కణాల సంఖ్యలో తేడా దొరకవచ్చు.

గండిదారి · మే 22

చివరికి దూడే చెప్పాలి. కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థలో 1990లో పరీక్షనాళికా పద్ధతిలో మొదటి ఎనుము దూడ 'ప్రథమ్' పుట్టింది. మీ పిండాలు బదిలీ దశకు వచ్చినప్పుడు గ్రహీత ఎనుములను ఎంచుకోవడానికి, ఎద రోజులు సరిచూడడానికి నేను వస్తాను. ప్రతి దూడ పుట్టుక బరువు తూచి రాసి పెడదాం.

అనంత_కణం · మే 22

పక్కన పెట్టిన ఆ ఆయిల్ సీసాను నల్ల కాగితం చుట్టి పంపండి. పెరాక్సైడ్ ఎంత ఉందో మా విద్యార్థులతో టైట్రేషన్ చేయించి ఇక్కడే రాస్తాను.

పెన్నాతీరం · మే 23

మేడమ్, రేపు ఉదయం అనంతపురం బస్సులో మా జూనియర్ వస్తున్నాడు, ఐస్ పెట్టెలో పంపిస్తున్నాను. పోలిక కోసం తెరవని కొత్త సీసా నుంచి తీసిన నమూనా కూడా అందులో ఉంటుంది.